ముందు మిద్దె ఎక్కండి, తర్వాత బొమ్మ గీయండి

మే నెలలో కడపలో రాత్రి పది గంటలకు ఇంటి గోడకు చెయ్యి ఆనించి చూడండి. కొత్తగా కట్టిన ఇల్లు, అందులోనూ పై అంతస్తు అయితే ఇంకా బాగా తెలుస్తుంది. పొయ్యి మీంచి దించిన పెనంలా ఉంటుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, పైనున్న వేడిగాలిని కిందికి తోస్తూ. ఏసీ ఉన్నవాళ్లు తలుపులు మూసుకుంటారు, లేనివాళ్లు పొద్దు గూకగానే నాలుగు బకెట్ల నీళ్లు మిద్దె మీద గుమ్మరిస్తారు, అవి సుయ్‌మని ఆవిరైపోతాయి. ఎండలు మండిపోతున్నాయని మేమూ ఏటా రాస్తూనే ఉన్నాం, మొదటి పేజీలో, ముఖానికి చున్నీ చుట్టుకున్న అమ్మాయిల ఫొటోతో సహా. ఇంటి గురించి మాత్రం రాయలేదు. ఆ తప్పు మాది.

2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ చదువులకని ఏకంగా ఒక యూనివర్సిటీని మన కడపలోనే పెట్టారు. ఇంజనీరింగ్ కాలేజీలు సందుకొకటి ఉన్న రాష్ట్రంలో ఇది చిన్న విషయం కాదు. ఆర్కిటెక్చర్ డిగ్రీ అయిదేళ్లు. ఆ అయిదేళ్లలో ఒక విద్యార్థి కడప ఊళ్లోని ఇళ్లను ఎన్నింటిని కొలుస్తాడు? మా ప్రశ్న ఇంతే. ఇది ఆ ఒక్క విద్యాసంస్థకు వేస్తున్న ప్రశ్న కాదు, దేశంలో ఎక్కడ చూసినా ఈ చదువు తీరు ఇంచుమించు ఇదే. ఆఖరి ఏడాది ప్రాజెక్టులో ఎయిర్‌పోర్టు గీసినంత ఉత్సాహంగా వీధి చివర ఇంటిని ఎవరూ గీయరు.

ఆ వీధి చివర ఇంట్లో ఏముందో చూద్దాం. రాయలసీమ మట్టిమిద్దె అంటే రాయీ మట్టీ కలిపి రెండడుగుల మందాన లేపిన గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు అనే అడ్డకర్రలు, దంతెల మీద కట్టెలో బండలో పరిచి, ఆకూ అలమూ వేసి, మట్టి తొక్కి, అన్నిటికన్నా పైన చౌడు. నడిమధ్యన వెలుతురుకీ పొగ పోవడానికీ ఒక గవాక్షం, వాన వస్తే దాని మీద ఒక బండ మూత. ఇందులో అసలు తెలివి చౌడులో ఉంది. చౌడుమట్టిలో ఉండే సోడియం ఉప్పుల వల్ల తడి తగలగానే మట్టి రేణువులు విడిపోయి సందులన్నీ పూడిపోతాయి, నీళ్లు కిందికి దిగవు. పొలంలో పంటను చంపే గుణమే ఇంటి కప్పును కాపాడింది. ఈ సంగతి కనిపెట్టిన బేల్దారి, అంటే ఇళ్లు కట్టే పనివాడు, ఏ కాలేజీలోనూ చదువుకోలేదు. అలాగని అది చదువు కాకుండా పోదు కదా!

అంత మాత్రాన అందరూ మళ్లీ మట్టిమిద్దెలు కట్టుకోండని మేము చెప్పబోవడం లేదు. ఆ ఇళ్లలో పెరిగినవాళ్లం కొందరం మాలోనే ఉన్నాం. ముసురు పట్టిందంటే ఎక్కడ కారుతుందో అక్కడల్లా గిన్నెలు పెట్టుకుని కూర్చున్నాం, దంతెల్లోంచి తేళ్లు రాలడం చూశాం, ఏటా వానలకు ముందు చౌడు తట్టలు నెత్తిన మోసిన అమ్మలనూ చూశాం. ఆ చాకిరీ లెక్కలోకి తీసుకోకుండా పాత ఇల్లు చల్లన అని పాటలు పాడటం పట్నం కూర్చున్నవాళ్లకు తేలిక.

ఇంకో సంగతి ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాలుగైదు అంగుళాల సిమెంటు శ్లాబు మధ్యాహ్నపు ఎండను సాయంత్రానికల్లా గదిలోకి దించేస్తుంది. రెండడుగుల మట్టిగోడలో అదే వేడి లోపలికి చేరేసరికి బాగా రాత్రయిపోతుంది. అప్పటికి ఇంట్లో ఎవరుంటారు? అందరూ మిద్దె మీదో వాకిట్లోనో మంచాలు వేసుకుని నక్షత్రాలు లెక్కపెడుతుంటారు. అంటే చల్లదనం గోడది మాత్రమే కాదు, మనుషుల అలవాటుది కూడా. ఇప్పుడు దోమలు, దొంగల భయం, పక్కింటి మూడో అంతస్తు కిటికీ మన మిద్దె మీదికే చూస్తుండటం, ఇన్ని ఉండగా ఆరుబయట ఎవరు పడుకుంటారు? మరి రాత్రంతా లోపలే ఉండే మనిషికి ఎలాంటి గోడ కావాలి, ఎలాంటి కప్పు కావాలి? ఇది పరిశోధన చేయాల్సిన ప్రశ్న. ఒక మట్టిమిద్దెలో, ఒక శ్లాబు ఇంట్లో, బండలు పరిచిన కప్పున్న ఇంకో ఇంట్లో థర్మామీటర్లు పెట్టి మే నెలంతా గంటగంటకూ లెక్క రాసుకుంటే చాలు, దానికి కోట్ల నిధులేమీ అక్కర్లేదు.

ఇక రాయి. మన ఊరి పేరు మీదనే అమ్ముడుపోయే నల్లటి కడప బండ, అటు బేతంచర్ల, ఇటు తాడిపత్రి నాపరాళ్లు. దేశమంతా వంటింటి గట్టు మీద మన బండ ఉంది, మన ఇళ్లలో మాత్రం టైల్స్. పాలిష్ ఫ్యాక్టరీల పక్కన తెల్లటి బురద ఎండి గాలికి లేస్తుంది, అది దేనికి పనికొస్తుందో తేల్చాల్సింది ఎవరు? ఎర్రగుంట్ల దగ్గర థర్మల్ ప్లాంటు బూడిద ఉంది. ఆ బూడిద లారీల కోసం నాయకులు ఎలా తగువులాడుకున్నారో జనం చూశారు, దాంతో మంచి ఇటుక ఎలా చేయాలన్న దాని మీద అందులో పదో వంతు పట్టుదల ఉన్నా బాగుండేది. సిమెంటు ఫ్యాక్టరీలూ మన మధ్యే ఉన్నాయి. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడులో దాదాపు 8 శాతం ఒక్క సిమెంటు తయారీ నుంచే వస్తుంది, సున్నపురాయిని కాల్చినప్పుడు రాయిలోంచే ఆ వాయువు బయటికొస్తుంది కాబట్టి బొగ్గు మానేసినా పూర్తిగా పోదు. సిమెంటు వద్దనడం లేదు, ఎక్కడ తగ్గించవచ్చో చెప్పేవాళ్లు కావాలి. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే గోడతో పావు వంతు ఇటుక ఆదా చేసి చూపించారు. బెంగళూరులోని సైన్సు పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీలో 1970ల నుంచే మట్టి ఇటుకల మీద పని జరుగుతోంది. మన నాపరాయి మీద అలాంటి పని మనమే చేసుకోవాలి.

ఎందుకంటే చేయకపోతే ఏమవుతుందో ప్రభుత్వం ఇచ్చిన పేదల కాలనీల్లో చూశాం. పట్టణాల్లో ఒక్క సెంటు, అంటే 48 గజాల స్థలం, అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. సముద్రం గాలి తగిలే శ్రీకాకుళానికీ, వాన మొహం చూడని అనంతపురానికీ ఇంచుమించు ఒకే నమూనా. పడమటి గోడకు నీడ లేదు, సజ్జ పేరుకే. అరుగుకైతే చోటే లేదు.

అరుగు పోయిందంటే వీధి పోయినట్టే. మోరీ మీద పరిచిన బండపై కూర్చుని పేపర్ చదివే పెద్దాయన, పక్కనే పూలు కట్టే ఆమె, దేవుని కడప వెంకన్న గుడికి ఉగాది రోజు వచ్చే ముస్లిం కుటుంబాలు, పెద్ద దర్గా ఉరుసుకు వచ్చే అందరూ, వీళ్లు కలిసే చోటే ఊరు. ఇప్పుడా చోట బైకుల కోసం, కార్ల కోసం వేసుకున్న ర్యాంపులున్నాయి. ఊళ్లోంచి పారే బుగ్గవంక వాగు సంగతీ అంతే, దాన్ని ఊరు వెనక మురికికాలువలా చూశాం, 2020 నవంబరులో నివర్ తుఫాను వేళ అది ఇళ్లలోకే వచ్చి తన దారి గుర్తుచేసింది.

యూనివర్సిటీని, రాయలసీమలో ఈ చదువు చెప్పే ప్రతి కాలేజీని మేము అడిగేది చిన్నదే. మొదటి ఏడాది పిల్లల చేతికి కంప్యూటర్ కన్నా ముందు టేపు ఇవ్వండి. ఒక్కో జట్టుకు ఒక్కో పాత ఇల్లు. క్లాసులో నెలకొక రోజు బేల్దారి మేస్త్రిని కూర్చోబెట్టండి, సన్మానం శాలువా కప్పి పంపడానికి కాదు, కూలి ఇచ్చి పాఠం చెప్పించుకోవడానికి. మున్సిపాలిటీలో ప్లానులు పాస్ చేసే ఇంజనీర్లనూ ఆ క్లాసుకే పిలవండి. కొలిచినదంతా తెలుగులో రాసి పెట్టండి, ఇల్లు కట్టుకునేవాళ్లు వాస్తు పుస్తకంతో పాటు అదీ చదువుతారు.

కాస్త తొందరపడాలి. పాతూరు సందుల్లో దూలాల కోసమే ఇళ్లు కొంటున్న వ్యాపారులు తిరుగుతున్నారు. ఇంటికి బేరం కుదిరిన మర్నాడే జేసీబీ వస్తుంది, మధ్యాహ్నానికల్లా టేకు దూలాలు లారీ ఎక్కుతాయి, చౌడు ట్రాక్టరులో బైపాస్ పక్కన గుంటలోకి పోతుంది.