అమ్మమ్మ పుట్టింటి పేరు ఏ గడిలో రాయాలి?

ఈసారి ఉగాదికి ఇక్కడి అమెరికాలో మన తెలుగు సంఘం కల్చరల్ కమిటీ పిల్లలకు వంశవృక్షం పోటీ పెట్టింది. ఆలోచన మంచిదే, కాదనను. పంచాంగ శ్రవణం, ఫ్యూజన్ డ్యాన్సులు అయ్యాక పిల్లలు ఓ అరగంట తాతల గురించి చెబితే ఎవరికి చేదు? మా మనవడి చార్టులో ఒకవైపు వాళ్లమ్మ తరఫువాళ్లు పన్నెండు తరాలు, రెండోవైపు మావాళ్లు నాలుగు. జడ్జిగా కూర్చున్న పెద్దమనిషి చూసి, "బాబూ, ఇది తెలుగు పోటీ కదా, ఆ తెల్లవాళ్ల వైపు మడిచి చూపించు" అన్నారు. వాడు మడిచాడు. హాల్లో కొందరు నవ్వారు కూడా.

ఫస్ట్ ప్రైజు విజయనగర ఆస్థానంలో మంత్రి దగ్గర మొదలైన చార్టుకు వచ్చింది. ఆ పాప ముద్దుగా చెప్పింది, ఆమెపై నాకేమీ లేదు. కానీ "ఇదంతా మీకెలా తెలిసిందమ్మా?" అని ఒక్కరైనా అడగలేదు. అన్ని తరాల్లో ఒక్క ఆడపేరు కూడా లేదేమిటనీ అడగలేదు.

ఆ మడిచిన సగంలో ఏముందో చెప్పాలి. అది మా వియ్యపురాలు రిటైరయ్యాక పట్టుకున్న పని. ఆవిడ పూర్వీకులు ఇంగ్లండులో నార్ఫోక్ కౌంటీ హింగమ్ నుంచి వచ్చి, బోస్టన్‌కు ఆగ్నేయంగా సముద్రం ఒడ్డున అదే పేరుతో ఊరు కట్టుకున్నారు. 1620 నుంచి 1640 దాకా అలా న్యూ ఇంగ్లండుకు వచ్చినవాళ్లు సుమారు 20,000 మంది. రాజుగారి చర్చితో పొసగక కొందరు, బతుకుతెరువు కోసం కొందరు. మనం హెచ్‌1బీ మీద ఎందుకొచ్చామో ఒక్క ముక్కలో చెప్పలేం కదా, వాళ్లదీ అంతే.

ఒకరోజు వాళ్ల వంటింటి బల్ల మీద ఫైలు తెరిచి నాకొక కాగితం చూపించింది. వాళ్ల ముత్తాతల్లో ఒకాయన పోయాక ఇరుగుపొరుగు వచ్చి రాసిన ఆస్తి జాబితా. ఒక ఆవు, రెండు పాత దుప్పట్లు, చిల్లుపడిన ఇత్తడి గిన్నె. ప్రతిదానికీ ఎదురుగా ఖరీదు. పక్కనే వీలునామా: భార్యకు తూర్పు గది, పొయ్యి వాడుకునే హక్కు, ఏటా ఇన్ని బుషెళ్ల (వాళ్ల గింజల కొలత) మొక్కజొన్న. కింద సంతకం రాక పెట్టిన గీత. ఆ గీత మీద వేలు పెట్టి "మా వంశం ఇది" అంది, మనవాళ్లు జమీందారీ సనదు చూపించేటంత గర్వంగా.

భార్య పేరు మేరీ అని ఉంది. ఏ ఇంటి పిల్లో లేదు. ఇంగ్లండులో పెళ్లిళ్లు, బాప్టిజాలు, చావులు ప్రతి చర్చిలో రాయాలని 1538లోనే ఆజ్ఞ ఉంది కాబట్టి నార్ఫోక్ రిజిస్టర్లన్నీ గాలించింది. 1752 దాకా వాళ్ల కొత్త సంవత్సరం మార్చి 25న, అంటే మన ఉగాది రోజుల్లోనే మొదలయ్యేది. అందుకే జనవరి నుంచి మార్చి 24 దాకా పాత తేదీలు, పాత లెక్కలో 1641, ఇప్పటి లెక్కలో 1642 అని, 1641/42గా జంటగా ఉంటాయి. అది తెలియకపోతే తల్లికి పెళ్లి కాకముందే బిడ్డ పుడుతుంది. ఇంత చేసినా మేరీ పుట్టిల్లు దొరకలేదు. ఆ గడిలో ప్రశ్నార్థకం పెట్టింది. మావాడు చార్టులో దాన్ని కూడా ఎత్తి రాశాడు. జడ్జిగారు మడవమన్నది దాన్ని.

లింకన్ వంశం మూలం కూడా ఆ హింగమే. శామ్యూల్ లింకన్ అనే కుర్రవాడు 1637లో ఒక నేతగాడి దగ్గర పని నేర్చుకుంటూ ఆయన వెంట వచ్చాడు. అబ్రహాం లింకన్‌కు ఇది గట్టిగా తెలియదు. 1859లో తన గురించి రాసుకుంటూ, న్యూ ఇంగ్లండు లింకన్లతో చుట్టరికం వెతికితే ఈనాక్, లీవై, మార్డెకై లాంటి పేర్లు కలిశాయే తప్ప ఇంకేమీ తేలలేదని రాసి ఊరుకున్నాడు. తర్వాతివాళ్లు పాత కాగితాలు పట్టుకుని న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియా, కెంటకీల మీదుగా ఆ తరాలను కలిపారు.

ఆ తెల్లవాళ్లంతా సత్యసంధులని కాదు. గుస్తావ్ అంజూ అనే ఆయన డబ్బున్న అమెరికన్లకు దొంగ వంశవృక్షాలు రాసిచ్చి బాగా గడించాడు. హింగమ్‌వాళ్లు 1635లో ఊరు కట్టుకుని, ఆ నేల అసలు హక్కుదారులైన ఆదివాసుల దగ్గర కాగితం రాయించుకున్నది 1665లో. మా వియ్యపురాలి ఫైలులో అదీ ఉంది.

మనకు రిజిస్టర్లు లేవు, నిజమే. పేర్లు మరిచిన జాతి మాత్రం కాదు మనది. మహాలయ పక్షంలో తర్పణం వదిలేటప్పుడు నాన్న, తాత, ముత్తాతలతో ఆగం. అమ్మ, నాయనమ్మ, ఆవిడ అత్తగారు, తర్వాత అమ్మ పుట్టింటివాళ్లు, అందరి పేర్లూ చెప్పాలి. మా అన్నయ్య ఆ పేర్లు చూడకుండా చెబుతాడు. చాదస్తమని నేను వేళాకోళం చేసే ఆ తంతులో ఉన్న అమ్మమ్మలు, మనం ముచ్చటపడే రంగుల చార్టులో లేరు. వాళ్లుండాల్సిన చోటు మంత్రిగారికి ఇచ్చాం.

మన సంఘం ఈసీకి, అంటే కార్యవర్గానికి, నా మనవి ఇది. 1638లో డిలిజెంట్ అనే ఓడలో తండ్రితో వచ్చిన డేనియల్ కుషింగ్ తర్వాత హింగమ్‌కు గుమాస్తా అయ్యాడు. పాత ఊరి నుంచి ఎవరు ఏ ఏడు వచ్చారో, వెంట పిల్లలెందరో, నౌకరున్నాడో లేదో ఒక జాబితా రాసి పెట్టాడు. ఆడవాళ్లను చాలాచోట్ల ఉత్త "భార్య" అనేశాడనుకోండి. అయినా మూడు శతాబ్దాలు దాటాక కూడా మనుషులు దాన్ని పట్టుకునే తమవాళ్లను వెతుక్కుంటున్నారు. 1965 వలస చట్టం తర్వాత ఈ ఊరొచ్చిన మన మొదటి కుటుంబాల పెద్దలు ఎనభైలు దాటుతున్నారు. వాళ్లను అడిగి రాసుకోవడానికి బాంక్వెట్ ఖర్చులో పదోవంతు కూడా పట్టదు.

వచ్చే ఉగాదికి పోటీ మళ్లీ పెట్టండి. ఫారంలో ప్రతి పేరు పక్కన "ఎవరు చెప్పారు?" అనే గడి, ప్రతి తల్లికీ పుట్టింటి పేరు గడి ఉంచండి. అమ్మ ఏ దేశంవారైనా చార్టు మడవమనకండి. తెలియని చోట ప్రశ్నార్థకానికీ మార్కులివ్వండి. టైపింగ్ నేను చేస్తాను. అమ్మమ్మ గడిలో పేరూ లేక, ప్రశ్నార్థకమూ లేక వచ్చిన ఫారాన్ని మాత్రం ప్రెసిడెంటుగారిదైనా సరే, తిప్పి పంపుతాను.