'మనుష్య చోరులు' అన్న మాట దగ్గర

పాత పుస్తకాల అంగట్లో తోలు అట్ట చిట్లిన బైబిలు వ్యాఖ్యానం చేతికి దొరికితే నేను ముందుగా తిమోతికి రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం, పదో వచనం తీస్తాను. మన తెలుగు బైబిలులో అక్కడ 'మనుష్య చోరులు' అని ఉంటుంది, అంటే మనుషులను ఎత్తుకుపోయి బానిసలుగా అమ్మేవారు. ఆ మాట దగ్గర వ్యాఖ్యాత ఆగాడా, చూసీ చూడనట్టు దాటేశాడా అన్నదాన్ని బట్టి ఆయన మీద నాకు గురి కుదురుతుంది.

మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ ఆగాడు. 1755లో వెలువడిన కొత్త నిబంధన వివరణలలో, మనుషులను ఎత్తుకుపోయేవారు దొంగలందరిలోకీ నీచులనీ, వారితో పోలిస్తే దారి దోపిడీగాళ్లూ కన్నం వేసేవారూ నిర్దోషులనీ రాసి, మరి నల్లజాతివారిని కొని అమ్మే వర్తకులను ఏమనాలని నిలదీశాడు. బానిస వ్యాపారం రద్దు కోసం లండన్‌లో సంఘం ఏర్పడటానికి అప్పటికింకా 32 ఏళ్లుంది. ఆయన తర్వాతి తరం మెథడిస్టు వ్యాఖ్యాత ఆడమ్ క్లార్క్ మరింత తెగువ చూపాడు. 'దాసులారా... మీ యజమానులైన వారికి విధేయులై యుండుడి' అన్న ఎఫెసీ పత్రిక వచనం బానిసల యజమానులకు కంఠస్థం. సరిగ్గా దాని కిందనే, క్రైస్తవుల మధ్య బానిసత్వం ఘోర నేరమనీ, దానికి నరకశిక్ష కూడా చాలదనీ రాసిపెట్టాడు.

పాండిత్యం ఉన్నంత మాత్రాన న్యాయం పక్షాన నిలబడతారనుకోవడం మాత్రం పొరపాటే. అమెరికాలోని ఆండోవర్ వేదాంత కళాశాలలో హీబ్రూ బోధించిన మోజెస్ స్టూవర్ట్ అంతటివాడు 1850లో, పారిపోయి వచ్చిన దాసుణ్ణి యజమానికి అప్పగించకూడదన్న ద్వితీయోపదేశకాండపు ఆజ్ఞ అన్యజనుల దగ్గరనుంచి వచ్చినవారికే వర్తిస్తుందని వాదించి, పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే చట్టానికి కొమ్ము కాశాడు.

అందుకే బైబిలే బానిసత్వాన్ని నిలబెట్టిందని ఒకరు, క్రైస్తవులే దాన్ని కూల్చారని మరొకరు మన కూటాల్లో తేల్చిపారేసినప్పుడు నాకు ఇద్దరి మాటా రుచించదు. ఫిలడెల్ఫియా పాస్టరు ఆల్బర్ట్ బార్న్స్ వ్యాఖ్యానాన్ని ఇప్పటికీ ఫోనులో తెరిచి ప్రసంగాలు సిద్ధం చేసుకునేవారు మనలో ఉన్నారు. సంఘం లోపల అండ లేకపోతే బయటి ఏ శక్తీ బానిసత్వాన్ని ఒక్క గంట నిలబెట్టలేదన్నది 1846లో ఆయన రాసిన మాటే. 1852 జూలై 5న రోచెస్టర్‌లో ఆ వాక్యాన్నే ఉటంకించి అమెరికా సంఘాలను బోనెక్కించినవాడు ఫ్రెడరిక్ డగ్లస్, ఒకప్పుడు తానే బానిస.