పరీక్ష ముగియకముందే యుద్ధానికి: హెచ్‌2ఎస్ రాడార్‌పై వాదోపవాదం

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ బాంబర్ల పొట్ట కింద గుమ్మటంలో తిరిగే హెచ్‌2ఎస్ రాడార్, మేఘాలు కమ్మినా చీకటి పడినా కింది నదులనూ పట్టణాలనూ నావిగేటరు ముందున్న గుండ్రని తెర మీద చూపేది. 1943 జనవరిలోనే దాన్ని దళాలకు అప్పగించడం సబబేనా అన్నది ఇక్కడి వివాదాంశం. ఒకరు దాన్ని రూపొందించిన మాల్వర్న్ పరిశోధనశాల తరఫున, మరొకరు దాన్ని రోజూ బాగుచేసిన విమాన స్థావరాల తరఫున మాట్లాడుతున్నారు. ఇద్దరూ కల్పిత వ్యక్తులే. యుద్ధం ముగిసి, ఉభయ శిబిరాల రహస్యాలూ బయటపడిన తర్వాత వాదించుకుంటున్నారనుకోవాలి.

మెకానిక్: 1942 జులైలో చర్చిల్ గారు అక్టోబరు 15 నాటికి 200 సెట్లు కావాలన్నారు. ఏడాది చివరికి అమర్చగలిగింది 24 విమానాలకు. అంత తక్కువగా, అంత హడావుడిగా తయారైన సరుకును నెల తిరగకముందే హాంబర్గ్ మీదికి పంపారు. జనవరి 30 రాత్రి ఆ రాడార్‌తో బయలుదేరిన 13 విమానాల్లో వెనక వచ్చే బాంబర్ల కోసం లక్ష్యం మీద వెలుగు గుర్తులు వేసినవి ఆరు. మరో మూడు నెలలు ఆగి ఉంటే కొంపలేమీ మునిగేవి కావు.

పరిశోధకుడు: ఆరు అంటే మీకు లోటుగా కనిపిస్తున్నది. నేలను తెర మీద చూపే రాడార్‌తో దాడిలో నగరాన్ని గుర్తించిన విమానాలు అంతకుముందు రాత్రి వరకు ఒక్కటీ లేవని నేనంటాను. ఇక ఆగడం సంగతి. డెఫర్డ్ విమానాశ్రయంలో మా వద్ద ఉన్నవి కొద్దిపాటి విమానాలు. వాటిలో సెట్టు పక్కన కూర్చునేది దాన్ని తయారుచేసిన ఇంజనీరే. తెర కాస్త మసకబారితే ఏ మీట తిప్పాలో అతనికి తెలుసు. అలాంటి చోట మూడు నెలలు కాదు, మూడేళ్లు పరీక్షించినా దళాల్లో బయటపడే లోపాలు బయటపడవు.

మెకానిక్: కొన్ని బయటపడేవి. పద్దెనిమిది వేల అడుగుల ఎత్తులో గాలి పలచబడితే, నేల మీద బుద్ధిగా ఉన్న హై వోల్టేజి తీగల మధ్య నిప్పురవ్వ దూకుతుంది. ఆ చలిలో గడ్డకట్టినట్టయిన పెట్టె కిందికి దిగి తేమగాలిలోకి రాగానే లోపలంతా చెమ్మ పడుతుంది, మర్నాటికి ఇంకో చోట కరెంటు కారుతుంది. పీడనం తగ్గించిన గదిలో పెట్టి చూస్తే తెలిసే విషయాన్ని తెలుసుకోవడానికి ఏడుగురు మనుషులున్న విమానాన్ని జర్మనీ మీదికి పంపాలా?

పరిశోధకుడు: ఆ ఒక్క అంశంలో మీ మాట కాదనను. అయితే క్రిస్టల్ సంగతి చూడండి. తిరిగివచ్చే బలహీనమైన సంకేతాన్ని అందుకునేది చిన్న సిలికాన్ ముక్క, దాని మీద ఆనించిన సన్నని టంగ్‌స్టన్ తీగ. రాడార్ తరంగాలను పుట్టించే పరికరం, మన మాగ్నెట్రాన్, వెలువరించే శక్తిలో రవంత అటువైపు కారినా అది దెబ్బతింటుంది, పైగా ఒక్కసారిగా చావదు. దగ్గరి పట్టణాలు తెర మీద చక్కగానే కనిపిస్తూ ఉంటాయి, దూరపువి మాత్రం రాత్రి రాత్రికీ మాయమవుతాయి. ఈ చెవుడు బల్ల మీద పట్టుబడేది కాదు. ఎన్నో విమానాల నావిగేటర్లు ఇచ్చిన నివేదికలను పక్కపక్కన పెట్టి చూస్తేనే అంతుచిక్కుతుంది.

మెకానిక్: ఆ నివేదిక ఎలా ఉంటుందో మీరు చదివే ఉంటారు. ఏడు గంటలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని తిరిగొచ్చిన మనిషి తెల్లవారుజామున ‘తెర బాగోలేదు’ అని రెండు ముక్కలు రాసి నిద్రకు పోతాడు. ఇంజన్లు ఆగి ఉన్నాయి కనుక నేను పెట్రోలు జనరేటరును బండి మీద లాక్కెళ్లి సెట్టుకు కరెంటు ఇవ్వాలి. ఇస్తే తెర మీద కనిపించేవి హ్యాంగర్లూ చెట్లూ! పట్టణం కనిపిస్తుందో లేదో తేలాలంటే విమానం లేవాలి, ఆ రాత్రికే దాడి ఉంటే అందుకు దొరికేది మధ్యాహ్నం ఒక్క చిన్న చక్కరు. మాలో ఎందరో కెనడా నుంచి వచ్చినవారు, స్త్రీలూ ఉన్నారు. పని రాక కాదు మేము అవస్థపడింది; సెట్టు చెవుడు ఎంతో కొలిచే సాధనం సెట్టుతో పాటు రాకపోవడం వల్ల.

పరిశోధకుడు: కుర్చీల్లో కూర్చొని పరీక్షించామన్నట్టు మాట్లాడుతున్నారు. 1942 జూన్ 7న డెఫర్డ్ నుంచి హెచ్‌2ఎస్‌తో లేచిన హాలిఫాక్స్ బాంబరు వెల్ష్ బిక్నర్ దగ్గర కూలి పదకొండు మంది మరణించారు. వారిలో ఇ.ఎం.ఐ. సంస్థకు చెందిన ఇంజనీరు అలన్ బ్లమ్‌లీన్ ఒకరు. ఆయన లేని లోటు ఈ దేశపు ఎలక్ట్రానిక్స్‌లో పూడలేదు.

మెకానిక్: వారి పట్ల నాకూ గౌరవమే. కానీ ఆ విమానాన్ని కూల్చింది రాడార్ కాదు. ఇంజనులో సరిగా బిగించని ఒక ట్యాపెట్ (వాల్వును కదిలించే భాగం) నట్టు వల్ల వాల్వు విరిగి మంటలు లేచాయి. ఇంజనును ఎన్ని గంటలకొకసారి విప్పాలో, ఏ భాగం చూడాలో ఏళ్ల అనుభవంతో రాసుకున్న పట్టిక ఉంటుంది. అంతటి పద్ధతి ఉన్నచోటే ఒక నట్టు ఇంత పని చేస్తే, ఏ పట్టికా రూపుదిద్దుకోని మీ పెట్టెలను మేము ఏ ఆధారంతో సరిచూడాలి?

పరిశోధకుడు: దళాల్లో నడిచిన గంటలు లేకుండా ఆ పట్టిక ఎలా పుడుతుంది?

మెకానిక్: సరే, తొందర ఖరీదు ఇంకోటి ఉంది. మూడు రోజులకే, ఫిబ్రవరి 2 రాత్రి కొలోన్‌కు వెళ్లిన ఒక స్టిర్లింగ్ బాంబరు రాటర్‌డామ్ దగ్గర కూలి, మాగ్నెట్రాన్ శత్రువు చేతికి చిక్కింది. మన ప్రసారాన్నే పట్టుకొని మన బాంబర్లను వెతికే జర్మన్ల నాక్సోస్ రిసీవర్లు అందులోంచి పుట్టినవే. జలాంతర్గాముల వేటకు అదే మాగ్నెట్రాన్ కోసం ఎదురుచూస్తున్న మన సముద్ర గస్తీ వైమానిక విభాగం కోస్టల్ కమాండ్‌కైనా ముందు అవకాశం ఇవ్వవలసింది.

పరిశోధకుడు: మాగ్నెట్రాన్ ప్రాణం రాగి దిమ్మ. పేలుడు మందు పెట్టినా ఆనవాలు మిగులుతుందని ముందే తేలింది, కనుక జర్మనీ మీద ఎప్పుడు ఎగిరినా ఎప్పుడో ఒకప్పుడు చిక్కేదే. చిక్కిన తర్వాత కూడా ఆ వసంతంలో అట్లాంటిక్‌లో జలాంతర్గాములు మన పది సెంటీమీటర్ల తరంగాన్ని పసిగట్టలేకపోయాయి. ఇక బెర్లిన్ సంగతి: నది అంచులతో హాంబర్గ్ స్పష్టంగా కనిపించేది, అంత విశాలమైన బెర్లిన్ మాత్రం తెరంతా ఒకే ముద్దగా వెలిగేది. ఆ లోపాన్ని చెప్పింది స్థావరాలే. అందుకే ఇంకా సన్నని వివరాలు చూపే మూడు సెంటీమీటర్ల తరంగపు సెట్లను అరడజను చేత్తో కూర్చి లాంకాస్టర్ బాంబర్లకు అమర్చి 1943 నవంబరులో పంపాం. ఆగి ఉంటే అసలు ఆ అవసరమే తెలిసేది కాదు.

మెకానిక్: అరడజనుకు మీవాళ్లు ఒక్కొక్కదాని పక్కన నిలబడగలరు. 1944లో వందలాది లాంకాస్టర్లకు అమర్చినప్పుడు నిలబడింది మేమే. మీ పరీక్షలో సగం మా చేతుల మీదుగా జరిగిందని ఇప్పుడు మీరే అంటున్నారు కదా, అయితే కొలిచే సాధనాలూ విడిభాగాలూ సెట్టుతో పాటే, అదే బండిలో రావలసింది. అవి లేనిదే సెట్టును గేటు దాటనివ్వకూడదని ఆనాడే రాసి ఉంటే, ఈ వాదానికి నేను వచ్చేవాణ్ణే కాదు.