బ్రాన్సన్‌లో బాబాయికి జరిగిన సన్మానం

అమెరికాలో మూడు తరాల మనుషులను ఒకే వరసలో కూర్చోబెట్టి, ఏ సన్నివేశం వచ్చినా ఎవరి కళ్ళూ మూయవలసిన అవసరం లేకుండా ప్రదర్శన చూపించగలిగిన ఊళ్ళలో, మిస్సోరీ రాష్ట్రపు నైరుతి మూలన ఓజార్క్ కొండల నడుమ ఉన్న బ్రాన్సన్ ఒకటి. అక్కడ హాస్యగాళ్ళు బూతు జోలికి పోకుండానే నవ్విస్తారు. గాయకులు పాటకూ పాటకూ నడుమ దేవుణ్ణీ దేశాన్నీ తలుచుకుంటారు. తెర పడ్డాక చాలాచోట్ల నటులే బయటి హాలులోకి వచ్చి ప్రేక్షకులతో చేతులు కలుపుతారు. ఇన్ని సుగుణాలున్న ఊరిలో మా బాబాయికి జరిగినది ప్రమాదమా, సన్మానమా అన్న విషయంలో మా ఇంట్లో ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు.

కాన్సాస్ సిటీ నుంచి కారులో సుమారు మూడున్నర గంటల ప్రయాణం. మేము వెళ్ళినది నవంబరు నెలలో. ఆ వేళకు అక్కడ క్రిస్మస్ ప్రదర్శనలు మొదలైపోయి ఉంటాయి. పైగా నవంబరు 11న వచ్చే మాజీ సైనికుల దినోత్సవాన్ని ఆ ఊరివారు ఒక్కరోజుతో సరిపెట్టకుండా వారం పొడుగునా జరుపుతారు. ఈ రెండో సంగతి మా కథకు ముఖ్యం.

ఊరికి ప్రాణమూ, ప్రాణసంకటమూ కూడా 76వ నంబరు రహదారే. 1959లో మేబ్ సోదరులు నలుగురు బట్టలు ఉతికే రేకుబల్లనూ, తలకిందులు చేసిన తొట్టెనూ, కంచరగాడిద దవడ ఎముకనూ వాద్యాలుగా పట్టుకుని బాల్డ్‌నాబర్స్ అనే పేరుతో ప్రదర్శనలు మొదలుపెట్టారు. 1967లో ప్రెస్లీ కుటుంబం ఈ రహదారి మీద మొదటి నాటకశాల కట్టింది. ఆ తరువాత ఒకరిని చూసి ఒకరుగా డజన్ల కొద్దీ నాటకశాలలు వెలిశాయి. 1991లో సీబీఎస్ టీవీ వారి ‘60 మినిట్స్’ కార్యక్రమం ఈ ఊరిని భూమికే కాదు, సమస్త విశ్వానికీ సంగీత రాజధాని అన్నంత ధోరణిలో దేశానికి పరిచయం చేయగానే, మరుసటి ఏడాది నుంచి విశ్వమంతా కార్లు వేసుకుని ఆ ఒక్క రోడ్డు మీదికే వచ్చిపడింది. అందుకనే ఎరుపు, పసుపు, నీలం రంగుల పేర్లతో పక్కదారులు ఏర్పరిచారు. పసుపు దారి పట్టుకుందామని నేనంటే, ఇంతదూరం వచ్చి అసలు రోడ్డు చూడకపోతే ఎలాగని బాబాయి పట్టుబట్టాడు. ఫలితంగా అసలు రోడ్డును అంగుళం అంగుళం చొప్పున చూశాము. ఆ ఖాళీలో ఆయన ఫ్లాస్కులోని కాఫీ మొత్తం తాగేశాడు.

బాబాయి బ్యాంకు మేనేజరుగా రిటైరైన మనిషి. ఉచితంగా వచ్చేదాన్ని వదులుకోవడం ఆయన దృష్టిలో రానిబాకీ కింద కొట్టివేయడంతో సమానం. నాటకశాల బయటి హాలులో చిన్న బిందెంత ప్లాస్టిక్ కప్పు ఒకటి అమ్ముతున్నారు. దాన్ని ఒకసారి కొంటే ఆ పూటంతా శీతల పానీయం ఎన్నిసార్లయినా ఊరికే నింపి ఇస్తారు. రెండోసారి నింపించుకుంటే గాని సొమ్ము గిట్టదని ఆయన నిలబడి లెక్క కట్టాడు. మూడోసారి నింపించినది లాభం కింద జమ చేసుకున్నాడు. పిన్ని వద్దంటూనే ఉంది గాని, లాభాన్ని వద్దనే వాదన ఆయన సర్వీసులో ఎన్నడూ నెగ్గలేదు.

మా కుర్చీలు పొడుగాటి వరసకు నట్టనడుమ పడ్డాయి. ఎటు వెళ్ళాలన్నా పదిహేను జతల మోకాళ్ళను దాటాలి. నెత్తిన టోపీలు, టోపీల మీద ఓడల పేర్లు, పటాలాల పేర్లు ఉన్న వృద్ధులతో హాలు నిండిపోయింది. మొదటి గంట చక్కగా గడిచింది. ఫిడేలు వాయించారు, చెక్క చెప్పులతో దరువు వేస్తూ నాట్యం చేశారు, పళ్ళు లేనట్టు నటించే హాస్యగాడు వచ్చి అందరినీ నవ్వించాడు. నవ్వవద్దని తనకు తానే చెప్పుకుంటూ బాబాయి మాత్రం కాలు మీద కాలు వేసుకుని బిగదీసుకుని కూర్చున్నాడు. నవ్వితే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

ఇంటర్వెల్‌కు కొద్ది నిమిషాల ముందు దీపాలు తగ్గి, వెనకాల జెండా వెలిగింది. సూత్రధారి వంటి ఆసామి గంభీరంగా ఏదో చెప్పాడు. బ్రాన్సన్‌లో అనేక ప్రదర్శనలలో ఉండే ఆనవాయితీ అది. సైన్యంలోని ఒక్కొక్క విభాగపు గీతాన్నీ వరసగా వాయిస్తారు. ఎవరి గీతం వచ్చినప్పుడు ఆ విభాగంలో పనిచేసినవారు లేచి నిలబడతారు, తక్కినవారు చప్పట్లు కొడతారు. ఈ వివరాలేవీ బాబాయి చెవికి ఎక్కలేదు. అప్పటికి ఆయన ఇంద్రియాలన్నీ ఒకే విషయం మీద లగ్నమై ఉన్నాయి. చీకటి పడింది కాబట్టి ఎవరికీ అడ్డం కాకుండా జారుకోవచ్చునని తలచి, తీరరక్షక దళపు గీతం మొదలైన క్షణంలోనే ఆయన లేచి నిలబడ్డాడు.

ఆ దళం చిన్నది. హాలు మొత్తంలో ముగ్గురో నలుగురో లేచి ఉంటారు. కాబట్టి వెలుగు తిన్నగా వచ్చి బాబాయి మీద పడింది. మా వరసవారు దారి ఇవ్వడానికి బదులు ఆయన వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. వెలుగులో నిలబడిన మనిషి నడవలేడు, కూర్చోలేడు. ఏం చేయాలో తోచక చేతులు జోడించి నాలుగు దిక్కులకూ నమస్కారం పెట్టాడు. దానితో చప్పట్లు రెట్టింపయ్యాయి.

గీతం ఆగగానే కూలబడి, ఇక గండం గడిచిందనుకుని ఆయన మళ్ళీ లేచాడు. వైమానిక దళపు గీతం మొదలైంది. ముందు వరసలోని ముసలామె వెనక్కు తిరిగి, ఈయన రెండు దళాలలో పనిచేశాడా అన్నట్టు కళ్ళు పెద్దవి చేసింది. మెరీన్ల గీతం వచ్చినప్పుడు పిన్ని ఆయన చొక్కా కొంగు పట్టుకుని, “ఏమండీ, మీకు దణ్ణం పెడతాను, కాసేపు కదలకండి” అని బతిమాలి కూర్చోబెట్టగలిగింది. నౌకాదళం వంతు వచ్చేసరికి ఆవిడ పట్టు సడలింది. భూసైన్యపు గీతానికైతే హాలులో సగంమంది లేచినట్టనిపించింది. ఇంత గుంపులో తనను ఎవరు చూడబోతారన్న ధైర్యంతో బాబాయి వరస వెంట పక్కకు జరగసాగాడు. అయితే కూర్చున్న మోకాళ్ళనైతే దాటవచ్చు గాని, గుండె మీద చేయి వేసుకుని నిటారుగా నిలబడ్డ ఆరడుగుల మాజీ సైనికులను తోసుకుని వెళ్ళడం ఎవరి తరం? నలుగురిని దాటి, ఐదో ఆయన దగ్గర ఇరుక్కుపోయాడు.

గీతం ముగిసింది, అందరూ కూర్చున్నారు. వరసలో సగం దూరాన, ఎటూ కాకుండా, బాబాయి ఒక్కడే నిలబడి ఉన్నాడు. సరిగ్గా అప్పుడు మొదలైన గీతం అంతరిక్ష దళానిది.

ఆ దళం 2019 డిసెంబరులో పుట్టింది. అందులో పనిచేస్తున్నవారే కొద్దివేలమంది. రిటైరై, తల నెరిసి, స్వెట్టరు మీద మఫ్లరు చుట్టుకుని నవంబరు నెలలో నాటకానికి వచ్చేంత వయసున్న మాజీ అంతరిక్ష సైనికుణ్ణి అక్కడివారెవరూ అంతకుముందు చూసి ఉండరు. వేదిక మీది ఆసామి పాట మానేసి నుదుటికి చేయి అడ్డం పెట్టుకుని మరీ చూశాడు. తరువాత అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ చేశాడు. హాలంతా ఘొల్లుమని నవ్వి, ఆ నవ్వులోనే లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. బాబాయి మాత్రం నవ్వలేదు. ఆ పరిస్థితిలో అంత నిబ్బరంగా నిలబడడం చూసి ఆయన క్రమశిక్షణను చాలామంది మెచ్చుకున్నారని తరువాత తెలిసింది.

ఇంటర్వెల్ ఇచ్చారు గాని విముక్తి మాత్రం దొరకలేదు. చేతులు కలపడానికి జనం చుట్టుముట్టారు. బాబాయి అబద్ధమాడే మనిషి కాడు. ఓడ పేరున్న టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయనతో తాను బ్యాంకులో పనిచేశానని స్పష్టంగానే చెప్పాడు. ఆయన వినికిడి యంత్రాన్ని సవరించుకుని, ట్యాంకులు నడిపిన వారంటే తనకు మొదటినుంచీ గౌరవమని భుజం తట్టాడు. మరొక దిట్టమైన వ్యక్తి దారికి అడ్డంగా నిలబడి, అన్ని దళాలలోనూ చేరి ఒక్క మెరీన్లను మాత్రం ఎందుకు చిన్నచూపు చూశావని నిలదీశాడు. నేను ముందు నడుస్తూ, “ఈయనకు అర్జంటు” అని ఒకే మాట చెప్పి దారి చేయించాను. పురుషుల మరుగుదొడ్డి ముందు క్యూ గోడ మలుపు దాటి ఉంది. ఎవరో బాబాయిని గుర్తుపట్టి “అంతరిక్ష దళం వస్తోంది” అని అరవగానే క్యూ మొత్తం రెండుగా చీలి గోడలకు ఆనుకుంది. అంతవరకూ అందరికీ కాదు కాదని తల అడ్డంగా ఊపుతూ వచ్చిన బాబాయి, ఆ ఒక్క మర్యాదను మాత్రం నోరు మెదపకుండా స్వీకరించి లోపలికి వెళ్ళాడు.

నేను తిరిగి వచ్చేసరికి ముందు వరస ముసలామె పిన్ని పక్కన చేరి ఉంది. భర్త ఉద్యోగం వల్ల ఇల్లాలు పడే పాట్లు బయటివారికి తెలియవనీ, తానూ అవన్నీ అనుభవించినదాన్నేననీ, నీకెలా గడిచిందనీ అడుగుతున్నది. పిన్నికి ఇంగ్లీషు అర్థమవుతుంది గాని మాట్లాడడానికి మొహమాటం. అందుచేత ఆవిడ చెప్పినదాన్ని నేను అక్షరం పొల్లుపోకుండా అనువదించాను. మూడేళ్ళకోసారి బదిలీ అనీ, ఉత్తరువు వచ్చిందంటే వారంలో సామాను కట్టవలసిందేననీ, పిల్లలు ఏ బడిలోనూ కుదురుగా చదవలేదనీ, రెండో కాన్పు వేళకు ఈయన ఎక్కడో కొండప్రాంతంలో ఉన్నాడనీ, మార్చి నెలాఖరు వచ్చిందంటే ఈయన ఇంటికి ఎప్పుడు చేరతాడో తెలియక తెల్లవార్లూ కూర్చునేదాన్ననీ పిన్ని చెప్పింది. అందులో ఒక్క అసత్యమైనా లేదు. ముసలామె కళ్ళు తుడుచుకుని పిన్నిని గట్టిగా కౌగిలించుకుంది. పక్కవరస వారు కూడా వచ్చి ఆవిడ చేతులు పట్టుకున్నారు. తన ముప్ఫై ఏళ్ళ సంసారంలో ఇంత సానుభూతితో ఆ బదిలీల కథ విన్నవారు లేరని పిన్ని కూడా కన్నీళ్ళు పెట్టుకుంది.

బాబాయి తేలికపడిన మనసుతో, ఎవరైనా మళ్ళీ చేయి కలిపితే ఈసారి తీరికగా నిజం చెబుదామన్న సంకల్పంతో తిరిగి వచ్చేసరికి ఆయన వైపు చూసినవారే లేరు. గౌరవం మొత్తం పిన్ని ఖాతాకు బదిలీ అయిపోయింది.