గెలిచినవారిని వేలెత్తి చూపిన జోయా

2003 డిసెంబరు 17. కాబూల్ పాలిటెక్నిక్ ప్రాంగణంలోని పెద్ద గుడారంలో అఫ్గానిస్తాన్ కొత్త రాజ్యాంగం కోసం లోయా జిర్గా, అంటే దేశ ప్రతినిధుల మహాసభ, జరుగుతోంది. ప్రతినిధులు 502 మంది. ఫరా రాష్ట్రం నుంచి వచ్చిన పాతికేళ్ల మలాలై జోయా, యువతకూ అవకాశం ఇవ్వండని అడిగి మరీ మైకు ముందుకొచ్చారు. నల్లని తలముసుగు, సన్నని గొంతు. దేశాన్ని అంతర్యుద్ధంలో ముంచిన నేరస్థులకు ఈ సభలో పెద్దపీట ఎందుకు వేశారు, వారిని న్యాయస్థానం ముందు నిలబెట్టాలి కదా అన్నారు. ప్రజలు క్షమించినా చరిత్ర క్షమించదన్నారు. మైకు ఆగిపోయింది.

మన శాసనసభల ప్రత్యక్ష ప్రసారాలు చూసేవారికి మైకు కట్ కావడం వింతేమీ కాదు. అక్కడ మాత్రం మైకుతో పాటు ప్రాణమూ పోయేదే. కేకలు వేస్తూ కొందరు మీదికి వచ్చారు. సభాధ్యక్షుడు సిబ్గతుల్లా ముజద్దిదీ ఆమెను బయటికి పంపమన్నారు. ఆయనా ఒకప్పుడు సోవియట్ సేనలతో పోరాడిన ముజాహిదీన్ వర్గాల నాయకుడే. క్షమాపణ చెప్పమంటే జోయా చెప్పలేదు. చివరికి ఐక్యరాజ్యసమితి రక్షణ అవసరమైంది.

అదే ఆమె తాలిబన్లను తిట్టి ఉంటే చప్పట్లు మోగేవి. తాలిబన్ల హయాంలో హెరాత్‌లో ఆడపిల్లలకు రహస్యంగా చదువు చెప్పిన మనిషికి ఆ మాటలు కష్టమూ కాదు. కానీ ఆమె వేలు చూపింది తాలిబన్ల శత్రువుల వైపు, అమెరికా మిత్రుల వైపు. 1992 తర్వాత అధికారం కోసం ఒకరి మీద ఒకరు రాకెట్లు పేల్చుకుని కాబూల్‌ను శిథిలం చేసినవారే 2001లో అమెరికా తాలిబన్లను గద్దె దించాక విమోచకులుగా తిరిగొచ్చారు. ఓడినవారిని నిందించడానికి పెద్ద గుండె అక్కర్లేదు. గెలిచి, ఎదురుగా కూర్చున్నవారి సంగతి వేరు.

2005లో ఫరా ఓటర్లు ఆమెను పార్లమెంటుకు పంపారు. 2007 మే నెలలో సభ ఆమెను సస్పెండ్ చేసింది. నేరం ఏమిటంటే, ఈ సభకంటే పశువుల కొట్టం నయం, అక్కడ గాడిద బరువైనా మోస్తుంది, ఆవు పాలైనా ఇస్తుంది అని టీవీలో అనడం. మాట ఘాటైనదే, కాదనను. అయితే అదే సభ అదే ఏడాది ఆరంభంలో, గత యుద్ధాల్లో పాల్గొన్న వర్గాలన్నింటికీ క్షమాభిక్ష పెట్టే బిల్లును ఆమోదించింది. రాకెట్లకు మాఫీ, గాడిద పోలికకు శిక్ష! ఆమె మళ్లీ ఆ సభలో అడుగు పెట్టలేకపోయారు.

2021 ఆగస్టులో తాలిబన్లు తిరిగి వచ్చినప్పుడు, ఆ గెలిచినవారిలో ఒకరైన, ఉత్తరాదిని ఏలిన దోస్తుమ్ వంతెన దాటి ఉజ్బెకిస్తాన్ వెళ్లిపోయారు. వారిలోనే మరొకరు, హెరాత్ సింహమని పేరున్న ఇస్మాయిల్ ఖాన్ తాలిబన్లకు పట్టుబడి, తర్వాత ఇరాన్ చేరారు. కొన్ని వారాలకే హెరాత్‌లో, కాబూల్‌లో మహిళలు ప్లకార్డులతో రోడ్ల మీదికొచ్చారు. ఆ నిరసనల్లో వినిపించిన నినాదం ‘నాన్, కార్, ఆజాదీ’. రొట్టె, పని, స్వేచ్ఛ. ఆడవాళ్ల గొంతు బయటివారికి వినిపించకూడదని తాలిబన్లు 2024 ఆగస్టులో చట్టమే చేశారు.