నొప్పి మాత్ర వెనక ఉన్న ప్రశ్న

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లలో అక్షరం రాని ముసలమ్మ కూడా ‘క్రియాటినిన్’ అన్న మాటను తడబడకుండా పలుకుతుంది. కిడ్నీలు దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే వ్యర్థ పదార్థమది. ఒంట్లో ఎలా ఉందని అడిగితే ‘నాలుగుంది’, ‘ఆరు దాటింది’ అని అంకె చెబుతారు. ఉద్యానవనం అన్న మాటే వాడుకలో ఉద్దానమైందంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా పరచుకున్న నేల అది. ఆ పచ్చదనం నడుమ మూత్రపిండాల జబ్బు కొన్ని దశాబ్దాలుగా మనుషులను తీసుకుపోతూనే ఉంది. రోగుల్లో చాలామందికి మధుమేహం లేదు. అయినా కిడ్నీలు చడీచప్పుడు లేకుండా కుంచించుకుపోతాయి. ఎందుకన్నది వైద్యశాస్త్రం ఇప్పటికీ తేల్చి చెప్పలేదు.

అనుమానాలు చాలానే ఉన్నాయి. భూగర్భ జలాల్లోని సిలికా, పొలాల్లో చల్లే పురుగుమందులు, మండుటెండలో ఒంట్లో నీరు ఆవిరయ్యేదాకా చేసే పని, జన్యువులు, ఏళ్ల తరబడి మింగిన నొప్పి మాత్రలు. వీటిలో ఏదో ఒకటి కారణమా, రెండు మూడు కలిసి పనిచేస్తున్నాయా అన్నది వేరే చర్చ. ఆ చివరి అనుమానాన్నే కాసేపు పట్టుకుని చూద్దాం. మన విశ్వవిద్యాలయాలు ఎక్కడ ఆగిపోతున్నాయో ఆ చిన్న మాత్రే చూపిస్తుంది.

వైద్యుడు రోగిని రోజుకు ఎన్ని మాత్రలు, ఎన్నేళ్లుగా అని అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఆ కూలీ మాత్ర ఎందుకు మింగుతున్నాడు? నడుము పట్టేసిన రోజున పనికి వెళ్లకపోతే ఆ పూట కూలి పోతుంది. రెండు రోజులు మానేస్తే మేస్త్రీ మూడో రోజు పిలవడు. అప్పుడు డబ్బులు పెట్టి కొన్న మాత్ర కూలి డబ్బులను కాపాడుతుంది. ఇది వైద్యం కాదు, లెక్క. ఈ లెక్క వేయాల్సింది వాణిజ్య, ఆర్థిక శాస్త్రాలు చదివినవాళ్లు. వైద్యుడి చీటీ లేకుండా మాత్ర అమ్మే దుకాణం ఎలా నడుస్తోంది, దానికి సరుకు ఎక్కడి నుంచి వస్తోంది, ఊళ్లో అరువు ఎవరిస్తున్నారు అన్నవీ వాళ్లు తేల్చాల్సినవే.

అక్కడితోనూ అయిపోదు. పలాస పరిసరాల్లో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల చేతులు చూడండి. పిక్కలోని సొన తగిలి వేళ్ల కొసలు నల్లబడి, తోలు ఊడి ఉంటాయి. పొద్దంతా చతికిలబడి కూర్చుంటే నడుము, మోకాళ్లు పట్టేస్తాయి. ఏమైనా జబ్బుందా తల్లీ అని అడిగితే మాత్రం లేదనే చెబుతారు. ఒళ్లు నొప్పులను జబ్బుగా లెక్కవేయడం మన ఇళ్లలో లేదు, ఆడవాళ్ల విషయంలో మరీ లేదు. జ్వరం జబ్బు, నొప్పి మామూలే. వైద్యుడి ప్రశ్నపత్రంలో ‘జబ్బు’ అన్న మాట దగ్గర ఆ తల్లి ‘లేదు’ అనగానే నిజం జారిపోతుంది. ఆ మాటల తేడా పట్టుకోగలిగేది భాష, సమాజ శాస్త్రం, మానవ శాస్త్రం తెలిసినవాళ్లు. ఉద్దానం పిల్లను చేసుకోవడానికి, ఉద్దానానికి పిల్లనివ్వడానికి బయటివాళ్లు జంకుతున్నారంటే పరీక్షకు రమ్మన్నప్పుడు కొందరు ఎందుకు తప్పుకుంటారో వేరే చెప్పాలా?

ఇది తెలుగు నేలకు కొత్త అనుభవం కాదు. తాగునీటి ఫ్లోరైడ్ ఎముకలను వంచేస్తోందని 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించి శాస్త్ర పత్రికలో ప్రకటించారు. 1970లలో నల్లగొండ పల్లెల్లో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు అధ్యయనం చేసినప్పుడు వాళ్ల చూపు నీళ్ల సీసా దగ్గర ఆగలేదు. కంచంలోని జొన్న సంకటి, నాగార్జునసాగర్ కట్టాక మారిన భూగర్భ జలాల తీరు కూడా ఆ చర్చలోకి వచ్చాయి. అయినా నల్లగొండ పల్లెల గడపలకు సురక్షిత జలం చేరడానికి దశాబ్దాలు పట్టింది. కారణం తెలిసిన జబ్బుకే అంత ఆలస్యమైంది. కారణం తెలియని ఉద్దానం ఎన్నాళ్లు ఆగాలి?

మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు కూలీలకు ఇలాంటి జబ్బే వచ్చింది. అక్కడ కొన్ని చోట్ల కారణం పూర్తిగా తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేదు. కోతల మధ్య విశ్రాంతి, నీడ, తాగడానికి నీళ్లు ఏర్పాటు చేసి ఫలితం గమనించారు. టన్నుల లెక్కన కూలి ఇచ్చే పద్ధతిలో మనిషి విరామం తీసుకోడని, కూలి పద్ధతిని చూడకుండా కిడ్నీని కాపాడలేమని వాళ్లకు అర్థమైంది. వైద్యులు, వృత్తి ఆరోగ్య నిపుణులు, యాజమాన్య వ్యవహారాలు తెలిసినవాళ్లు ఒకే పొలంలో నిలబడితేనే ఆ పని సాధ్యమైంది.

మన దగ్గర ఏమీ జరగలేదని మేం అనడం లేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీరిచ్చే 700 కోట్ల రూపాయల పథకమూ అప్పుడే మొదలైంది. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను అందుతోంది. ఇవన్నీ అవసరమైన పనులే. కానీ డయాలసిస్‌కు వెళ్లే మనిషి ఇంట్లో ఒక రోజు గడిపితే పింఛను అంకె ఏ మూలకు వస్తుందో తెలుస్తుంది. చీకటితోనే లేవాలి, ఆటో మాట్లాడుకోవాలి, నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకోవాలి. తోడు వచ్చిన కొడుకుకు ఆ రోజు కూలి లేదు. తిరిగి వచ్చాక వేసవి దాహానికి నాలుక పిడచకట్టుకుపోతుంది. అయినా కొలత గ్లాసు దాటి గుక్కెడు నీళ్లు తాగకూడదు. వారానికి రెండు మూడు సార్లు ఇదే. ఈ ఇంటి జమాఖర్చును పూర్తిగా రాసి ప్రభుత్వం ముందు పెట్టగలిగే విద్యార్థులు వందల సంఖ్యలో మన వాణిజ్య కళాశాలల్లో ఉన్నారు. వాళ్లతో అది రాయించేవాళ్లు లేరు.

ఎం.బి.ఎ. విద్యార్థి ప్రాజెక్టు చేసి తీరాలి. వైద్య పీజీ విద్యార్థి పరిశోధన పత్రం సమర్పించాలి. తెలుగు, చరిత్ర విభాగాల్లో సిద్ధాంత గ్రంథాలు రాస్తూనే ఉంటారు. కానీ ఒకరు ఏం రాస్తున్నారో ఇంకొకరికి తెలియదు. చాలా ప్రాజెక్టులు నిరుటివాటికి పేరు మార్చి, జిరాక్స్ దుకాణంలో అట్టలు కట్టించినవే. తప్పు పిల్లలది కాదు, వాళ్లకు ఎదురుగా పెట్టిన ప్రశ్నలో ప్రాణం లేదు. 2020 జాతీయ విద్యావిధానం శాస్త్రాల మధ్య గోడలు తీసేయాలంది. ఆ మాటను నిజం చేయడానికి ఉద్దానం కంటే తగిన చోటు ఏముంది? శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది, విశాఖలో మానవ శాస్త్రం, తెలుగు, చరిత్ర విభాగాలున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, పలాసలో పరిశోధన కేంద్రమే ఉంది.

ఈ నాలుగూ కలిసి కొన్ని ఊళ్లను ఎంచుకుని, అవే ఇళ్లను ఏళ్ల తరబడి గమనించే ఉమ్మడి అధ్యయనం మొదలుపెట్టాలని మేం కోరుతున్నాం. రక్త పరీక్ష, ఇంటి ఖర్చు, ఇంటి పెద్దల జ్ఞాపకాలు ఒకే పుస్తకంలో చేరాలి. మాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇంకొకటుంది. ఆ ఊళ్లవాళ్లు ఎన్నోసార్లు చేయి చాచి రక్తం ఇచ్చారు, ఏం తేలిందో తమకెవరూ చెప్పలేదన్న బాధ వాళ్లలో ఉంది. ప్రతి అధ్యయనం ఫలితాన్నీ రెండు పుటల తెలుగులో రాసి, గ్రామ సచివాలయంలో అందరి ముందు చదివి వినిపించాలి. అది లేనిదే పరిశోధన పూర్తయినట్టు విశ్వవిద్యాలయం గుర్తించకూడదు. వచ్చే విద్యాసంవత్సరపు ప్రాజెక్టు అంశాలు ఖరారయ్యేలోగా ఉపకులపతులు ఒక్కసారి కూర్చుంటే చాలు. జాబితాలో మొదటి ప్రశ్న ఆ నొప్పి మాత్ర గురించే ఉండనివ్వండి.