చప్పుడు లేని బండి

మా బావకు ఎండాకాలం రాగానే ఏదో ఒకటి కొనాలన్న జ్వరం పట్టుకుంటుంది. నిరుడు రొట్టెల మిషన్, ఈసారి ఏకంగా సెకండ్ హ్యాండ్ ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఎస్‌యూవీ. "పెట్రోల్ పోస్తే పెట్రోల్ బండి, ప్లగ్ పెడితే కరెంటు బండి, ఒక్క పైసకు రెండు బండ్లు బామ్మర్దీ" అని నన్ను, వరంగల్ ములుగు రోడ్డులో ముప్పై ఏళ్లుగా జీపులు బాగుచేస్తున్న ఉస్తాద్‌ను వెంటేసుకుని హంటర్ రోడ్డు పక్క కాలనీకి బయలుదేరాడు. ఉస్తాద్‌ది ఒకటే పరీక్ష: ఇంజిన్ చప్పుడు వింటే చాలు, బండి జాతకం చెప్పేస్తాడు.

బానెట్ లేపి చెవి లోపల పెట్టి "కొట్టు" అన్నాడు. బావ బటన్ నొక్కాడు. స్క్రీన్ వెలిగింది, ఏసీ మొదలైంది, ఇంజిన్ మాత్రం ఉలకలేదు. "ఇంకోపారి కొట్టు." బావ మళ్లీ నొక్కితే ఉన్నది కాస్తా ఆగిపోయింది. ఇట్లా ఏడుసార్లు నొక్కాక ఉస్తాద్ తీర్పు చెప్పాడు: "సెల్ఫ్ పోయింది. పదివేలు తగ్గియ్యమను." బ్యాటరీలో కాస్త చార్జింగ్ ఉన్నా ఇంజిన్ లేవదు ఉస్తాద్, బండి ఇప్పుడు ఆన్‌లోనే ఉంది అని నేనంటే, బ్రోకరు దగ్గర కమీషన్ తిన్నవాణ్ని చూసినట్టు చూసి, మళ్లీ తల లోపల పెట్టాడు. ఏసీ ఫుల్లుగా తిరుగుతోంది కదా, అడుగున మిగిలిన ఆ కాస్త చార్జింగ్ కూడా తగ్గి, ఎవరూ ఏమీ నొక్కకుండానే ఇంజిన్ దానంతటదే గుర్రుమని లేచింది. ఉస్తాద్ "యా అల్లా" అంటూ ఎగిరి వెనక్కి పడ్డాడు. ఆయన కళ్లజోడు మాత్రం లోపలికి జారింది.

తర్వాతి ముప్పావు గంట కళ్లజోడు వెతకడానికే సరిపోయింది. ఉస్తాద్ చెయ్యి పెట్టినప్పుడల్లా బండి ఓనరు "ఆ నారింజ రంగు వైర్లు ముట్టకు, అవి హై వోల్టేజీ" అని అరవడం, ఈయన పాము కనబడ్డట్టు చెయ్యి వెనక్కి లాక్కోవడం. చివరికి బండి ఆపి, కింది ప్లేటు విప్పితే దొరికింది, ఒక అద్దంతో.

ఈలోగా నా పరీక్ష నేను చేశాను. 2023 జూలై వానలకు హంటర్ రోడ్డు చుట్టుపక్కల ఎంత మునిగిందో మనకు తెలిసిందే, అందుకని సీటు బెల్టులు చివరిదాకా లాగి బురద మరక కోసం చూశాను. లేదు. తివాచీ కింద వాసన కూడా లేదు. బండి నిజంగానే బాగుందేమో అని ఆశ పుట్టే టైముకు ఓనరు డిక్కీ తెరిచి చార్జింగ్ కేబుల్ సంచి తీశాడు.

కేబుల్‌కు కంపెనీ కట్టిన కట్టు అట్లనే ఉంది, ప్లగ్ పిన్నులకు ప్లాస్టిక్ టోపీలూ ఊడలేదు. సీట్లకు కూడా పాలిథిన్ కవర్లే. "నాలుగేండ్లల్ల ఒక్కపారి గూడ ముట్టలే సార్, కొత్తదే" అన్నాడు గర్వంగా. బావ మొహం వెలిగిపోయింది, నాకు మాత్రం నీరసం వచ్చింది. ఒక్కసారీ ప్లగ్ పెట్టలేదంటే మీటరులోని 41 వేల కిలోమీటర్లూ పెట్రోల్ ఖర్చు మీదే నడిచినట్టు, అంత బరువు బ్యాటరీని నాలుగేళ్లు దాదాపు ఊరికే మోసినట్టు. ఫుల్ చార్జ్ చేస్తే ఇంజిన్ లేవకుండా ఎన్ని కిలోమీటర్లు పోతుందో ఓనరుకే తెలియదు. బ్యాటరీ బాగుందో లేదో మనలాంటివాళ్లకు తెలిసే సులువైన దారి అదే.

"అయితే రాత్రంతా చార్జింగ్ పెట్టి, పొద్దున కాజీపేట దాకా నడిపి చూస్తం" అన్నాను. ఓనరు ఇష్టం లేకుండానే కట్టు విప్పి వరండాలోని బోరు మోటరు ప్లగ్‌లో పెట్టాడు. రెండు నిమిషాలు కూడా కాలేదు, ఠప్పుమని ఎంసీబీ పడిపోయింది, లోపల కూలర్ ఆగింది, "ఎవరది?" అన్న ఆడగొంతు వినబడింది. ఆయన గబగబా కేబుల్ పీకి, టోపీలు కూడా మళ్లీ పెట్టి, సంచిలో సర్దేశాడు.

తిరిగొస్తుంటే ఉస్తాద్ ఒంటి అద్దంలోంచి నన్ను చూస్తూ "నేను జెప్పలే, సెల్ఫ్ పోయిందని" అన్నాడు. బావ మాత్రం సుబేదారి దాటేదాకా నోరు మెదపలేదు. ఆ తర్వాత మెల్లగా అడిగాడు: "బామ్మర్దీ, ఆ కేబుల్ ఒక్కటి అలగ్ ఇస్తడా?"